పిట్ట ముట్టినంక

పగలు పదకొండు గంటలు. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. ఉప్పు గాలి తడి బట్టలాగ ముఖానికి అంటుకుంటుంది.

ఎల్లారెడ్డి నుంచి బస్సు, రైలు, ఆటో మారుకుంట రాత్రంతా ప్రయాణం చేసి సముద్రం ఒడ్డుకు చేరినం. నేను, నా పెనిమిటి మార్కండేయ, మా బిడ్డ సుష్మిత. దానికి పద్నాలుగేండ్లు. మా ఆడిబిడ్డ గంగమణి, ఆమె ఆరేండ్ల బిడ్డ సాయిలత అక్కడనే ఉన్నరు, రొయ్యల చెరువు పక్కన ఒక చెక్క గదిలో. గంగమణి భర్త లక్ష్మీరాజం ఆ చెరువుకు కావలి. పదకొండు రోజుల కింద స్నానానికని సముద్రంలో దిగిండు. మళ్లీ రాలేదు. శవం కూడా దొరకలేదు.

ఆ రోజు పిట్టకు పెట్టాలె. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెడతం. కాకి వచ్చి ముట్టితే ఆ మనిషి తృప్తిపడ్డట్టు. ముట్టకుంటే మనసులో ఏదో మిగిలిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరం ఒక్కో మాట ఇస్తం. ముట్టేదాకా కదలం. ముట్టినంక రాత్రి రైలుకు గంగమణిని, పిల్లను తీసుకొని ఇంటికి పోవాలె.

అన్నం, కోడికూర, గారెలు, నా చేతితో చుట్టిన బీడీల కట్ట పెట్టి దూరం జరిగినం.

పన్నెండయింది. ఒంటిగంటయింది. తెల్ల పిట్టలు మీదనే తిరుగుతున్నయి. కిందికి దిగుతలేవు.

"అమ్మా, ఈడ కాకులే లెవ్వు. ఎట్లొస్తయ్?" అన్నది సుష్మిత.

"బతికున్నప్పుడు గూడ గిట్లనే," గంగమణి ముక్కు తుడుచుకుంట అన్నది. "బువ్వకు పిలిస్తే కూర సల్లగయినంక వస్తుండె."

నవ్వొచ్చింది. ఎవరం నవ్వలేదు.

"బావా, నీ పెండ్లాన్ని, పిల్లను మా ఇంట్లనే ఉంచుకుంటం. రా బావా," అన్నడు మార్కండేయ.

"నేను ఇంకో పెండ్లి చేసుకోనయ్యా. రా," అన్నది గంగమణి.

రాలేదు.

మూడు దాటింది. మబ్బు నల్లబడ్డది. చెక్క గదిలో నుంచి నానిన వలల వాసన, దాని వెనుక ఇంకేదో కుళ్లిన వాసన. గాలి ఒక్కసారి ఆగితే రేకుల కప్పు టక్కుమంటుంది. మళ్లీ గాలి. బీడీలు చుట్టి చుట్టి నా నడుము ఎప్పుడో పోయింది. నిలబడలేకపోతున్న. ఎట్లనన్న చేసి అయిపోతే చాలు అనిపించింది. చేతులు జోడించిన.

"అన్నా, నీ బిడ్డ నా బిడ్డ. నా బిడ్డ నీ బిడ్డ. ఇగనన్న రా."

నోటికొచ్చిన మాట. అంతే.

అప్పుడు కాకి వచ్చింది.

ఎగిరి రాలేదు. నీళ్ల దిక్కు నుంచి ఇసుక మీద నడుచుకుంట వచ్చింది. రెక్కలు తడిసి ఒంటికి అతుక్కొని ఉన్నయి. విస్తరి దాటి పోయింది. సుష్మిత కాళ్ల ముందు ఆగింది. మెడ వంచి దాన్ని కింది నుంచి మీదికి చూసింది... చాలాసేపు. తర్వాత వెనక్కి మళ్లి ఒక్క మెతుకు తీసుకున్నది.

"ముట్టింది! ముట్టింది!" అని మార్కండేయ ఒర్రిండు. గంగమణి ఇసుకలో కూలబడి ఏడ్చింది. నేను సుష్మిత చెయ్యి పట్టుకున్న.

డ్రమ్ములో నీళ్లు మీద పోసుకొని, సంచులు సర్దుకొని, ఆటోకు ఫోన్ చేసినం. నాలుగున్నరకే పొద్దుగూకినట్టయింది. తల తుడుచుకుంట బయటికి వచ్చిన. సుష్మిత లేదు.

గది వెనుక చూసిన. లేదు.

చెరువు గట్టు మీద... లేదు.

నీళ్లల్ల ఉంది. మోకాళ్ల లోతు. పోతనే ఉంది.

"సుష్మితా!"

తిరగలేదు. ఉరికిన. నడుము లోతులో జబ్బ దొరికింది. గట్టిగ గుంజిన. అది నా దిక్కు చూడలేదు.

"బాపు పిలుస్తుండమ్మా," అన్నది మెల్లగా.

వెనక్కి తిరిగి చూసిన. దాని బాపు మార్కండేయ ఒడ్డు మీదనే ఉన్నడు. చేతుల్లో సంచులు పారేసి, మా దిక్కు ఉరికొస్తుండు.

ఆటోలో గంగమణి చెవిలో అడిగిన. "నేనిచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చునా?"

గంగమణి తన బిడ్డను ఒళ్లోకి గుంజుకున్నది.

"పిట్ట ముట్టినంక మాట తిరగదు వదినె." నా చెవికి వంగి గుసగుసగా, "ఎందుకన్నవ్ గా మాట?"

రైలులో నా చీర కొంగు సుష్మిత మణికట్టుకు ముడేసుకొని కూర్చున్న.

మర్నాడు పగటేల ఇల్లు చేరినం. ఎల్లారెడ్డిలో ఎండ చిటపటమంటుంది. అందరూ ఎక్కడోళ్లు అక్కడ ఒరిగిండ్రు. నేను గడపలో కూర్చున్న.

"అత్తా... నీళ్లియ్యవా."

సాయిలత అనుకున్న. గిలాస పట్టుకొని లోపలికి పోయిన. సాయిలత నోరు తెరిచి నిద్రపోతుంది. గంగమణి ఒళ్లు తెలియకుండా పండుకున్నది.

సుష్మిత కండ్లు తెరిచి నన్నే చూస్తుంది.

"నీళ్లు, అత్తా," అని చెయ్యి చాపింది. "మామ లేవలేదా?"

మామ అన్నది వాళ్ల బాపును చూసి.

గోడ అవతల నుంచి పక్కింటి హన్మవ్వ కేకేసింది. "ఏమే, అందరు మంచిగ వచ్చిండ్రా?"

లెక్కబెట్టిన. ఆయన ఒక్కడు. గంగమణితో ఇద్దరు. సాయిలతతో ముగ్గురు. నాతో నలుగురు...

"చెప్పవేందే? అందరు వచ్చిండ్రా?"

మళ్లా మొదటి నుంచి లెక్కబెడుతున్న. ఆయన ఒక్కడు. గంగమణితో ఇద్దరు...