తాళం తీసినా ఆగని ఇంజను

బతుకంతా ఒకే బండి నడిపి, ఆ బండి ముందే ప్రాణం విడిచినవాడు దాన్ని వదిలిపోడని నెల్లూరు తీరంలో ఒక నమ్మకం.

1962 అక్టోబరు 19, శుక్రవారం. ఉదయం 6.10.

తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రానికి మైలు దూరంలో, మిషన్ ఆసుపత్రి వ్యాను ముందు డ్రైవరు హెబ్రోను చచ్చిపడి ఉన్నాడు. ఎడమ కణత చిట్లింది.

పాతకాలపు వ్యాను. లోపల మంచం, కిరోసిన్ స్టవ్, మందుల బీరువా. పల్లెలు తిరిగే రోజుల్లో నర్సు ఎలిశబెతు అందులోనే పడుకుంటుంది. హెబ్రోను, క్లీనరు మాల్యాద్రి బయట గుడారంలో.

కేక విని నర్సు తలుపు తీసేసరికి, స్టార్ట్ చేయడానికి ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు చేతబట్టి శవం పక్కన మాల్యాద్రి నిలబడి ఉన్నాడు.

సాయంత్రం ఐదుకు అతన్ని హత్యానేరం మీద మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

10.40. వ్యానును తోసి స్టార్ట్ చేసి స్టేషనుకు తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ జయకుమార్ తాళం తీశాడు.

ఇంజను ఆగలేదు. వణికింది. లోపలి నుంచి ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడు చేసింది. పదకొండు సెకన్ల తరువాత ఆగింది.

కానిస్టేబుల్ పోలేరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "హెబ్రోనన్నే సార్. ఇంకా దిగలా."

జయకుమార్ సెకన్ల లెక్క రాసుకున్నాడు.

"మీ ఇద్దరికీ గొడవేంది?" అని మాల్యాద్రిని అడిగాడు.

"మహర్నవమికి బండికి బొట్లు పెట్టినా సార్. మిషన్ బండికి బొట్టేందిరా అని అన్నీ తుడిపించినాడు."

"నువ్వేమన్నావు?"

 జవాబు నర్సు చెప్పింది. "'నీ పని ఈ బండే చూస్తదిలే' అన్నాడు సార్. నా చెవులతో విన్నా."

"ఉత్త మాట సార్ అది! అన్న మీద పడివున్న హ్యాండిలు పక్కకి తీసినా, అంతే."

1.30. పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. మరణకారణం కణత గాయం. చివర ఇంకో వాక్యం: కుడి మణికట్టు ఎముక బొటనవేలి వైపు విరిగింది.

జయకుమార్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. బండిని చివరిసారి ఎవరు రిపేరు చేశారో నర్సును అడిగి, నెల్లూరుకు జీపు పంపాడు.

3.15. మెకానిక్ హజరత్తయ్య దిగాడు.

"నిన్న ఈ బండికి ఏం చేసినావు?"

"ఎత్తు ఎక్కడం లేదంటే టైమింగ్, అదే స్పార్క్ పడే వేళ, సరిచేసినా సార్."

"దేన్ని చూసి?"

"ఇంజను ముందు తిరిగే పుల్లీ మీద ఎర్ర పెయింట్ చుక్క ఉండె. కంపెనీ కొట్టిన అసలు గాడి మడ్డిలో కనపడదని మేస్త్రీలు అట్ట గుర్తు పెట్టుకుంటారు."

"హ్యాండిలుతో తిప్పి చూసినావా?"

"లేదు సార్. ఇంజను వేడిగా ఉండె. తోసి స్టార్ట్ చేసి పంపించినాం."

జయకుమార్ ప్లగ్గులు ఊడదీయించి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకు, స్పార్క్ పడే క్షణంలో వెలిగేలా చిన్న బల్బు తగిలించి, ఇంజనును మెల్లగా తిప్పించాడు. ఎర్ర చుక్క ఇంజను మీది సూచిక ముల్లు కిందికి రాగానే బల్బు వెలిగింది. మడ్డి తుడిపించాడు. అసలు గాడి ఇంకా మూడు వేళ్ల దూరం వెనక ఉంది.

చుక్కను గోటితో గీకి అందరికీ చూపించాడు.

"పెయింట్ కాదు. నూనెలో కలిపిన కుంకుమ."

మాల్యాద్రి సంకెళ్లు చప్పుడయ్యాయి.

"పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ పడింది. తిప్పుతున్న హ్యాండిలు ఎదురు తిరిగింది. ముందు మణికట్టు విరిచింది. తరువాత కణతకు తగిలింది. ఇంకొకడు తలమీద కొడితే మణికట్టు ఆ చోట అట్ట విరగదు. ఇంజనులో తట్టిన చప్పుడూ ఆ తొందర స్పార్క్‌దే. దాంతోనే ఇంజను మితిమీరి వేడెక్కింది. లోపలి మసి నిప్పుకణికై, తాళం తీసినా పెట్రోలును మండించింది."

"అన్నీ తుడిచినాననే అనుకుంటి సార్," అన్నాడు మాల్యాద్రి. "అదొకటి చూడలా."



4.20. టైమింగ్ అసలు గాడికి మార్చి, ప్లగ్గులు బిగించి, అరగంట నడిపాక తాళం తీశారు. ఇంజను వెంటనే ఆగింది.

4.55. ప్రమాద మరణమని నమోదైంది. మాల్యాద్రిని వదిలేశారు. అతను ఇంటికి వెళ్లలేదు. హెబ్రోనుకు గొయ్యి తవ్వేవాళ్లలో చేరాడు.