గుట్ట మీది టవర్

లైన్ ఇన్‌స్పెక్టర్ కరెంటు షాక్‌తో పోయాడన్నారు. షాక్ కొట్టిన మనిషి వీపులో తూటా ఎందుకుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

“పోయింది గుట్ట మీది టవర్ దగ్గర,” అన్నాడు చీఫ్. “సరిహద్దు రాడార్‌కి వెళ్లే లైనది. రాడార్ దగ్గరున్న జనరేటర్‌ని నిన్న ఎవరో పాడుచేశారు. ఇవాళ గాలివాన. లైన్ పోయి రాడార్ కాసేపు కళ్లు మూస్తే చాలు, శత్రువుల బాంబర్లు లోపలికొస్తాయి. వెళ్లు చీమా. బ్యాకప్ కావాలంటే సెంటు మేడమ్‌ని పిలు.”

చీమ అనేది ఏజెంట్ కోడ్. సెంటు మేడమ్ డిపార్ట్‌మెంట్‌కే అందగత్తె. ఆవిడ ఇంకా మెట్ల మీద ఉండగానే ఆవిడ సెంటు గదిలోకొచ్చి కుర్చీ వేసుక్కూర్చునేది.

లైన్‌మన్ వేషంలో చీమ గుట్టెక్కేసరికి ఆకాశం మొహం మాడ్చుకుంది. అన్నిటికన్నా పైనున్న గొడుగు తీగ భద్రంగానే ఉంది. దాన్లో కరెంటుండదు. పిడుగును నెత్తినేసుకుని, టవర్ కాలి గుండా భూమిలోకి దించడమే దాని ఉద్యోగం. చీమ టవర్ కాలి దగ్గర తవ్వి చూశాడు. టవర్ని భూమికి కలిపే ఇనప పట్టీని ఎవరో రంపంతో కోసేశారు. ఇక దిగే దారి లేని పిడుగు కరెంటు తీగల మీదకే దూకుతుంది. ఇన్‌స్పెక్టర్ చూసింది ఇదే.

రేడియో తీసి కోడ్ మాట చెప్పాడు. “ఆకాశానికి ఆకలేస్తోంది.”

“నేల కంచం పెట్టింది,” అంది సెంటు మేడమ్. “ఎక్కడున్నావ్?”

చెప్పాడు. సంచిలోంచి ఎర్తింగ్ కేబుల్ తీసి, ఒక క్లాంపు టవర్ కాలికి, రెండోది భూమిలో మిగిలిన పట్టీకి బిగించాడు. పక్కకు జరిగాడో లేదో, సెంటు వాసనొచ్చింది. వెనకే పిస్టల్.

“ఆ క్లాంపు తియ్యి.”

“నువ్వా? జీతం ఇక్కడ, సేవ అక్కడానా?”

“జీతం రెండుచోట్లా. తియ్యి.”

పడబోయే పిడుగుకి ముందే చీమ చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాదాలు జోడించి, మోకాళ్లు ముడిచి కూర్చున్నాడు.

“దండం పెడుతున్నావా?” ఆవిడ ట్రైనింగ్‌లో నేర్పినట్టే కాళ్లు ఎడంగా పెట్టి గురి చూసింది.

“లైన్‌మన్‌లు నేర్పారు. నువ్వూ కాళ్లు దగ్గర పెట్టుకో.”

“ఇలాంటి ట్రిక్కులు నీకు నేర్పిందే నేను.”

వేలు ట్రిగ్గర్ మీదకెళ్లింది.

పిడుగు గొడుగు తీగ మీద పడింది. టవర్ కాలి గుండా, కేబుల్ గుండా దిగి నేలంతా పరుచుకుంది. ఎడంగా ఉన్న రెండు కాళ్లు దానికి అడ్డదారిలా దొరికాయి. ఒక కాల్లోంచి ఎక్కి రెండో కాల్లోంచి దిగిపోయింది. పిస్టల్ ఒక పక్క, ఆవిడ ఒక పక్క.

రేడియోలో చీఫ్. “రాడార్ రెప్పైనా వెయ్యలేదు. విమానాలు వెనక్కి తిరిగాయి. మేడమ్ ఎక్కడ?”

“వాళ్ల మనిషే సార్. ఊపిరుంది. కట్టేస్తున్నాను.”

“ఆవిణ్ణి ఎలా పడగొట్టావ్?”

“నేనేం చెయ్యలేదు సార్. ఒకచోట బుద్ధిగా కూర్చున్నాను. చిన్నప్పుడు మా అమ్మ ఎంత బతిమాలినా ఆ పని చెయ్యలేదు.”