మిక్సీ చాటున ఐదో మనిషి

తలుపు చప్పుడైంది. అదే అదను అన్నట్టు లోపలి గదిలో పాప రాగం అందుకుంది. టైలరమ్మ ఒక్క అంగలో వంటగదిలోకి వెళ్ళి మిక్సీ ఆన్ చేసింది. అందులో ఏమీ లేదు. పాప ఏడుపు బయటికి వినపడకుండా ఆమెకు తట్టిన మహా ఉపాయం అదే మరి.

ఆ భయానికి కారణం అద్దె అగ్రిమెంటులోని ఒక ముక్క. ఇంట్లో నలుగురే ఉండాలి, సంసారం పెరిగితే ఓనరుకు ముందుగా చెప్పాలి, చెప్పకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. నలుగురంటే ఆమె, బస్సు నడిపే కొడుకు, కోడలు, కళ్ళద్దాల షాపులో పనిచేసే కూతురు. కోడలు పుట్టింట్లో కాన్పై, పాపను తీసుకుని పోయిన వారమే వచ్చింది. వస్తున్నానని పాప తొమ్మిది నెలల ముందే నోటీసు ఇచ్చింది, పాపం. దాన్ని ఓనరుండే పై అంతస్తుకు చేరవేయాల్సిన నాయనమ్మే రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ కూర్చుంది.

ఓనరు మామూలు మనిషైతే ఇంత బెంగ ఉండేది కాదు. జైలరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పొద్దున్నే బాల్కనీలో నిలబడి, పనికి పోయేవాళ్ళను తల తలా లెక్కపెట్టుకుని గానీ కాఫీ ముట్టడు. చుట్టాలొచ్చి రెండు పూటలుంటే చాలు, ములాఖత్ అయిపోయిందన్నట్టు చూస్తాడు.

కూతురు తలుపు తీసింది. ఎదురుగా జైలరుగారి కొడుకు, లిఫ్ట్ మెకానిక్. వారం నుంచీ ఏదో వంకతో దిగుతూనే ఉన్నాడు. తండ్రి పంపిన గూఢచారి అని టైలరమ్మ గట్టి నమ్మకం. గూఢచారి అంత నున్నగా తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని ఎందుకొస్తాడన్న అనుమానం మాత్రం ఆ తల్లికి రాలేదు.

“మీ మిక్సీ పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉందండీ. అంతగా ఏం రుబ్బుతున్నారు?” అన్నాడతను.

“మెట్లు దిగొచ్చి మరీ ఆరాలు తీసేవాళ్ళ బుర్రలు,” అంది కూతురు.

“నాది కాస్త గట్టిది. టైం పడుతుంది.” అతని చూపు ఆమెను దాటి, గదిలో తాడు మీద ఆరుతున్న పొత్తిగుడ్డల మీద పడింది. “అవేంటి?”

టైలరమ్మ వంటగదిలోంచి పరుగున వచ్చింది. “ఆర్డరు బాబూ. బొమ్మలకి కుడుతున్నా.”

“బొమ్మలు కూడా తడుపుతున్నాయా ఆంటీ?”

“కొత్త రకం బొమ్మలు,” అంది కూతురు. “మీకు లిఫ్టులు తప్ప లోకం తెలీదుగా.”

“తెలుసుకుందామనే రోజూ వస్తున్నా. గుమ్మం దాటనిచ్చేవాళ్ళేరీ?”

ఆమె తలుపేసింది. వేసింది గానీ, ఒక కన్ను పట్టేంత సందు వదిలి వేసింది. బయట వాన మొదలైంది. గొడుగు లేని పెద్దమనిషి కదలకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏమే, ఆ నవ్వేంటి?” అంది తల్లి.

“భయంతో నవ్వొస్తోందమ్మా.”

ఉరుమొకటి ఉరిమింది. ఠక్కున కరెంటు పోయింది.

మిక్సీ ఆగింది. పాప ఆగలేదు.

టైలరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. సామాన్లతో సహా అందరూ వానలో నిలబడ్డ దృశ్యం కళ్ళముందు తిరిగింది. ఇంతలో బయట గేటు దడదడలాడింది. మెకానిక్ దాన్ని రెండు చేతులా బాదుతున్నాడు.

“ఆంటీ, పాపను ఊరుకోబెట్టండి. నేనెంతసేపు బాదగలను?”

“నీకు... తెలుసా బాబూ?”

“మొదటిరోజే తెలుసు. మిక్సీలకు ఆకలేస్తే ఎక్కిళ్ళు రావుగా.”

గేటు చప్పుడుకు జైలరుగారే గొడుగేసుకుని దిగారు. కరెంటులేని ఇంట్లోంచి ఏడుపు స్పష్టంగా వినపడుతోంది. ఇక దాచడానికి ఏముంది? టైలరమ్మ పాపను ఎత్తుకుని గుమ్మంలోకొచ్చింది.

“ఐదో మనిషండీ. నా మనవరాలు. ముందే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. తప్పు నాదే. పసిదాన్ని మాత్రం వానలో బయటికి పంపకండి.”

“నలుగురని రాసుకున్నాం కదమ్మా,” అన్నారు జైలరుగారు. “రూలంటే రూలే.”

“అయితే నలుగురే ఉంటారు నాన్నా,” అన్నాడు కొడుకు. “ఒకరిని మనం పైకి తీసుకుంటే సరి.”

టైలరమ్మ పాపను గుండెలకు హత్తుకుంది. “పాలు తాగే పిల్ల బాబూ. తల్లిని వదిలి ఉండలేదు.”

“పాపను కాదమ్మా,” అంది కూతురు, నేల చూపులు చూస్తూ. “నన్ను.”

జైలరుగారి గొడుగు ఓ పక్కకు ఒరిగింది.

కూతురు తలెత్తింది. “మీ లెక్క కుదరడానికి నేను రాను. మా పాప ఇక్కడుండటానికి నేను బదులు కాదు. ముందు ఐదుగురని ఒప్పుకోండి. ఆ తర్వాత, ఏ లెక్కా లేకుండా అడగండి.”

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయింది. ఇల్లూ పోయింది, సంబంధమూ పోయింది.

“సర్వీసంతా ఖైదీలను చూశాను,” అన్నారు జైలరుగారు గొడుగు సరిచేసుకుంటూ. “నాకే షరతు పెట్టినవాళ్ళు లేరు. ఏదమ్మా, ఆ కొత్త మనిషిని ఇటు చూపించు. చూడకుండా లెక్కలో వేసుకోను.” పాప ముఖంలోకి వంగి చూసి, “సరే. ఐదు,” అన్నారు.

అందరూ మెకానిక్ వైపు తిరిగారు. అతను వానలో తడిసి ముద్దైపోయాడు. అంత నున్నగా దువ్విన జుట్టూ ముక్కు మీదికొచ్చింది.

“మీరంటే నాకిష్టం,” అన్నాడు. “ఎవరు ఏ అంతస్తులో ఉంటారన్నది తర్వాత సంగతి.”

కూతురు పెదాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే పాప మళ్ళీ గొంతెత్తింది.

“ఏమన్నారు? వినపడలేదు,” అన్నాడతను.

“మా అమ్మాయికీ ఇష్టమేనట బాబూ,” అనేసింది టైలరమ్మ, ఓనరు ఎదుటే, వణక్కుండా. సంసారం సంగతి ఆయనకు వేళకు చెప్పడం ఆమెకదే మొదటిసారి.