టెలిఫోన్ గదిలో ఆరిపోయిన తెర

మా ఉత్తర డకోటా ఊళ్లో పొద్దువాలాక పాత టెలిఫోన్ గది మాటెత్తితే పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. ఊరి ఫోన్లు కలిపే ఆర్డిత్ అనే ఆపరేటరు అక్కడ కుర్చీలోనే పోయింది. బతికున్నన్నాళ్లూ జనం ఫోన్లలో చెప్పుకునేవి చెవినొగ్గి వినేది. పోయాక కూడా వింటుందట... ఆవిడ వింటుంటే గదిలో వెలుగు మందగిస్తుందట.

లైల్ హౌగెన్‌కి ఇదంతా చచ్చు కబుర్లు. ఊరి కంప్యూటర్లన్నీ తాత్కాలికంగా చూసే మహానుభావుడు లెండి. ఎవరేం అడిగినా ముందు ముక్కు చిట్లించి, తర్వాతే జవాబు. మీట నొక్కడం రానివాళ్లకే దెయ్యాలు కనబడతాయి అనేవాడు.

ఆ రాత్రి అతని ఉద్యోగం పక్కా చెయ్యాలా వద్దా అని ఊరి బోర్డు తేల్చాలి. పెళ్లాం బ్రిట్టాకి ఏడో నెల. ఉద్యోగం పక్కా అయితేనే ఆస్పత్రి ఇన్సూరెన్సు.

బయట మంచు తుఫాను. అందుకని మీటింగు వీడియోలో పెట్టారు. ఇంట్లో నెట్ పోయింది, ఆ పాత గదిలో మాత్రం ఉంది. ల్యాప్‌టాపూ తాళంచెవీ తీసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మీటింగు మొదలైంది. అధ్యక్షురాలు కొరీన్ బ్రాట్‌వోల్డ్ ఏదో అడగబోతోంది...

ల్యాప్‌టాప్ తెర మసకబారింది. ఇంకాస్త మసకబారింది — నల్లగా అయిపోయింది.

లోపల ఫ్యాను మాత్రం గుర్రుమంటూనే ఉంది.

లైల్ వెలుగు పెంచే మీట గుద్దాడు. కంగారులో దాని పక్కదీ, ఆ పక్కదీ గుద్దాడు. దాంతో అవతలివాళ్ల మాటలూ ఆగిపోయాయి. చార్జరు పీకి మళ్లీ పెట్టాడు. ఊహూఁ.

బల్లమీద దీపం ఒకసారి వణికింది... మెడ మీద చల్లగా ఏదో తగిలింది.

కిటికీ సందులోంచి గాలి, అనుకున్నాడు. భయపడ్డానని ఒప్పుకుంటే నామోషీ కదా. కుర్చీ వెనక్కి వాల్చి, గదితో మాటలు మొదలెట్టాడు.

"ఏం ముసలీ, వింటున్నావా? అయితే బాగా విను."

ఇక చూస్కోండి. కొరీన్‌కి మౌస్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదన్నాడు. ఫైర్ చీఫ్ బుర్రకంటే ఆయన కుక్క బుర్ర నయమన్నాడు. బోర్డులోనే ఉన్న సొంత పిన్ని వెర్నాని కూడా వదల్లేదు — ఆవిడ వండింది తిని ఊరు ఇంకా బతికుండటమే వింతట.

"ఈ మొద్దులంతా కూర్చుని నాకు మార్కులేస్తారట," అని నవ్వాడు.

ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది గది.

అప్పుడు జేబులోంచి టార్చి తీశాడు. ఆరిన తెర మీద వాలుగా వెలుగు వేస్తే లోపల బొమ్మ ఉందో లేదో తెలుస్తుంది. బొమ్మ ఉంటే పోయింది తెర వెనక లైటే. ఆ మాత్రం విద్య అతనికి ఉంది.

వేశాడు.

మొహాలు...

మసగ్గా, పాలిపోయి — ఐదు మొహాలు. రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తున్నాయి.

టార్చి ఊగిపోయింది. ఆ ఊగే వెలుగులో, ఒక మొహానికి వెర్నా పిన్ని కళ్లజోడు కనిపించింది.

దెయ్యమూ లేదు, పాడూ లేదు. తెర వెనక లైటొక్కటే పోయింది. కంగారులో ఆపేసింది తనకి వినబడే శబ్దాన్నే, తన మైకుని కాదు. మీటింగు నడుస్తూనే ఉంది, ఆ ఉపన్యాసమంతా బోర్డు పొల్లుపోకుండా వింది.

శబ్దం మీట మళ్లీ నొక్కాడు.

"వద్దనేవాళ్లు చేతులెత్తండి," అంటోంది కొరీన్, మెల్లగా.

మొదట లేచిన చెయ్యి వెర్నా పిన్నిది.