డాక్టర్ నియమం తప్పింది

మనిషి లేదు. మెయిల్ మాత్రం వస్తోంది.

అదే వచ్చిన చిక్కు. కనబడకుండా పోయిన మనిషిని పోలీసులు వెతుకుతారు. ఆ మనిషే రెండు రోజులకోసారి తీరిగ్గా మెయిల్ పంపుతుంటే ఇంక వెతకడం దేనికి?

"ఫైల్ మూసెయ్యండి," అన్నాడు పై అధికారి. "పెళ్ళికాని పిల్ల. ఎవరితోనో వెళ్ళి ఉంటుంది. ఒక మెయిల్ బస్‌స్టాండ్ నుంచి, ఒకటి మార్కెట్ నుంచి, ఒకటి రైల్వే స్టేషన్ నుంచి. పంపగానే ఫోన్ స్విచాఫ్. హాయిగా ఊరంతా తిరుగుతోంది."

ఇన్‌స్పెక్టర్ మాట్లాడలేదు. ఆవిడకో అలవాటుంది. పై అధికారి సరిగ్గా మాట్లాడితే ఊరుకుంటుంది. తప్పుగా మాట్లాడితే ఇంకా ఊరుకుంటుంది. ఇన్నేళ్ళ సర్వీసూ ఆ ఊరుకోవడం మీదే నడిచింది.

బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. తప్పిపోయిన అమ్మాయికి అక్క. కళ్ళ కింద నల్లటి చారలు.

"మా చెల్లి చెప్పకుండా గుమ్మం దాటే పిల్ల కాదండీ. అమ్మానాన్న పోయాక నేనే పెంచాను."

"వచ్చే సోమవారం విచారణ కమిటీ ముందుకి వెళ్ళాలి కదా? భయపడిందేమో?"

"భయమా? దానికా?" అక్క తల అడ్డంగా ఊపింది. "నిజం చెప్పకపోతే ఆ తల్లుల మొహం ఎలా చూడనక్కా అంది."

ఆ తల్లుల సంగతి ఊరంతటికీ తెలుసు. ఆస్పత్రిలో పసిపిల్లల వార్డుకి ఇన్‌ఫెక్షన్ పాకింది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయారు. చెల్లెలు ఆ ఆస్పత్రి స్టోర్స్‌లో పనిచేస్తుంది. ఏదో కనిపెట్టింది. అదేమిటో అక్కకి కూడా చెప్పలేదు. కమిటీ ముందే చెబుతానంది. ఆ మర్నాడు డ్యూటీ దిగిన అమ్మాయి ఇల్లు చేరలేదు.

"మీ ఆయన ఏమంటారు?"

"ఆయనేమంటారండీ పాపం. తన లాండ్రీ వదిలేసి మరదలి ఫొటోతో పోస్టర్లు అతికిస్తూ తిరుగుతున్నారు."

ఇన్‌స్పెక్టర్ ముందు స్టోర్స్ ఆఫీసర్‌ని పట్టుకుంది. చెల్లెలి పై అధికారి. ఫ్యాను కింద కూర్చుని కూడా చెమటలు కక్కుతున్నాడు.

"ఆ అమ్మాయి ఏం కనిపెట్టింది?"

"నాకేం తెలుసు మేడమ్?"

"ఆమె నోరు విప్పితే మీకు నష్టమా?"

"వార్డుకి పోయే ప్రతి వస్తువుకీ సంతకం నాదే. ఎవరేం చెప్పినా నష్టం నాకే కదా!"

నిజం చెప్పాడో, తెలివిగా చెప్పాడో ఇన్‌స్పెక్టర్‌కి అంతు చిక్కలేదు.

ఇక మిగిలింది ఆ మెయిల్స్. అవి అక్కకి రాలేదు. స్నేహితురాళ్ళకీ రాలేదు. ఒక ఆటకి వచ్చాయి.

ఆట నడిపేది ఒక జాగ్రఫీ లెక్చరర్. ముందుగదిలో కంప్యూటర్, గోడకి ఒక అంతరిక్ష నౌక పటం. గదులూ, మెట్లూ, ఇంజన్లూ స్కేలు పెట్టి గీసినవి. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఆ పిలుపు ఆయనకి బాగానే వంటబట్టింది.

"ఇది పిల్లలాట కాదు మేడమ్. మెయిల్‌లో అందరం కలిసి రాసుకునే కథ. ఒకరు పైలట్, ఒకరు ఇంజనీర్. మీరు వెతుకుతున్న అమ్మాయి మా నౌకకి డాక్టర్. నేను సంఘటన మొదలుపెడతాను. తోకచుక్క అడ్డొచ్చిందనో, ఇంధనం అయిపోతోందనో. ఎవరి పాత్ర ఏం చేసిందో వాళ్ళు రాసి అందరికీ పంపుతారు."

"కొత్తగా చేరేవాళ్ళకి ఏం నేర్పుతారు?"

"మొదట మీ పాత్ర ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి పంపాలి. మీ వంతు రాసేటప్పుడు చివర్లో పక్కవాడు అందుకునేలా ఆపాలి. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకోటుంది." కెప్టెన్ వేలెత్తాడు. "ఇంకొకరి పాత్రను కదిలించకూడదు. మీరు నన్ను ప్రశ్న అడగొచ్చు, నా చేత జవాబు చెప్పించకూడదు. నా మీదికి చెయ్యెత్తొచ్చు, నేను దెబ్బ తిన్నానని రాయకూడదు. తినాలో తప్పుకోవాలో నా ఇష్టం."

లోకంలో కూడా ఈ నియమం ఉంటే తన స్టేషన్‌కి తాళం వేసుకోవచ్చు అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"డాక్టర్ బాగా ఆడేదా?"

"ఆడేదా అంటే... కొత్తవాళ్ళకి నియమాలు నేర్పే పని ఆమెదే. అలాంటిది ఈమధ్య మతి పోయింది. ఇంజనీర్ చేత, పైలట్ చేత, ఆఖరికి నా చేత కూడా ఏవేవో చేయిస్తోంది! అందరూ గొడవ. హెచ్చరించాను. వినలేదు. నిన్న జాబితాలోంచి తీసేశాను."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి తప్పుతోంది?"

కెప్టెన్ కంప్యూటర్‌లో వెనక్కి వెళ్ళాడు. తేదీ చూశాడు. ఇంకోసారి చూశాడు. అది చెల్లెలు మాయమైన మర్నాడు.

"సార్, ఆమె రాసింది ఇంకెవరో చదివి, సరేననుకున్నాకే మీకు పంపుతున్నారు. బతికే ఉంది, ఇష్టపడే వెళ్ళింది అని మేం నమ్మడానికి. ఆ చదివేవాడికి ఈ నియమం తెలియదు. మీకు తెలుసు. అందుకే మీకు కనబడేలా తప్పు చేసింది. నోరు నొక్కేస్తే మనిషి ఇంకెలా అరుస్తుంది?"

కెప్టెన్ మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

"నేను... నేను చూశాను మేడమ్. చూసి కోప్పడ్డాను."

"కోప్పడి తలుపు మూశారు. వాడికి మెయిల్స్‌తో పని ఉన్నంతకాలమే ఆమెతో పని. నిన్నటితో ఆ పని తీరిపోయింది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. నిన్నటి నుంచి ఇప్పటికి చాలా గంటలు.

"ముందు ఆమెను తిరిగి చేర్చండి. తరవాత నన్ను చేర్చుకోండి."

"మిమ్మల్నా? ఏ పాత్ర?"

"డాక్టర్ దగ్గర పని నేర్చుకునే నర్సు."

ఇన్‌స్పెక్టర్ జీవితంలో రాసిన మొదటి కథ అక్కడే, కెప్టెన్ కుర్చీలో కూర్చుని రాసింది. 'ఉదయం పది గంటలకు నర్సు విధి నిర్వహణలో ఉండగా' అని మొదలుపెట్టింది.

"ఎఫ్ఐఆర్‌లా ఉంది మేడమ్," అన్నాడు కెప్టెన్ మెల్లగా.

కొట్టేసి మళ్ళీ రాసింది. కొత్త నర్సు వైద్యశాల తలుపు దగ్గర నిలబడింది. 'డాక్టర్ గారూ, కెప్టెన్ తన ఆజ్ఞ వెనక్కి తీసుకున్నారు. మీ నుంచి కబురు రాకపోతే మిమ్మల్ని వెతకడానికి నౌకలో అందర్నీ పంపిస్తారట. నేనిక్కడే ఉన్నాను. లోపల ఎలా ఉంది?' అంది. అక్కడితో ఆపింది.

ఆ రోజంతా ఏమీ రాలేదు. ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌లో ఏ కాగితం ముట్టుకున్నా అక్షరాలు కనబడలేదు. అనుమానం నిజమై, ఆలస్యం కూడా నిజమైతే? అక్క మొహం గుర్తొస్తే భయమేసింది.

మర్నాడు పదకొండు దాటాక కెప్టెన్ ఫోన్ చేశాడు.

"వచ్చింది మేడమ్."

ఇన్‌స్పెక్టర్ కెప్టెన్ ఇంటికి పరుగెత్తింది. మెయిల్ చిన్నదే.

'రా నర్సూ, అంది డాక్టర్. ఇంధనం తగ్గిపోతోంది. కిటికీలోంచి చూస్తే ఎర్రగ్రహం రోజురోజుకీ పెద్దదవుతోంది. కెప్టెన్ లోపలికి రెండడుగులు వేసి, అరికాళ్ళు కాలి, మంచమెక్కి కూర్చున్నాడు. ఆ గ్రహం మీద గాలి లేదు, నీళ్ళు లేవు. ఇంజనీర్ ముక్కుకి గుడ్డ కట్టుకుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. అక్కడ దిగినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. పైలట్ కేకెయ్యబోయి, కింద యంత్రాలు ఆగేదాకా నోరు మూసుకున్నాడు. అవి ఆగవు. మనం దిగడానికి ఎక్కువ సమయం లేదు నర్సూ.'

ఇన్‌స్పెక్టర్ మూడుసార్లు చదివింది. ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో మూడు వాక్యాల కింద గీత గీసింది. ఫోన్ తీసి కానిస్టేబుళ్ళకి ఏదో చెప్పింది. తరవాత కెప్టెన్ కుర్చీలో కూర్చుని రెండే ముక్కలు టైపు చేసింది.

'నర్సుకి అర్థమైంది. ఆ మాట విన్న డాక్టర్ ధైర్యం తెచ్చుకుని కూర్చుంది.'

కెప్టెన్ భుజం మీంచి చూశాడు. "మేడమ్, మీరు డాక్టర్ని కదిలించారు."

"తెలుసు," అంది ఇన్‌స్పెక్టర్.

మధ్యాహ్నం అక్క ఇంట్లో నలుగురు కూర్చున్నారు. అక్క, బావ, స్టోర్స్ ఆఫీసర్, కెప్టెన్. 'ఫైల్ మూసేస్తున్నాం, సంతకాలు కావాలి' అని ఇన్‌స్పెక్టర్ కబురు పంపింది. బావ అందరికన్నా ముందే వచ్చేశాడు. చేతికి ఇంకా పోస్టర్ జిగురు ఉంది.

ఇన్‌స్పెక్టర్ తలా ఒక కాగితం ఇచ్చింది. మొన్న శుక్రవారం వచ్చిన డాక్టర్ మెయిల్.

"చదవండి. ఇందులో తప్పేముందో చెప్పండి."

కెప్టెన్ తల దించుకున్నాడు. ఆయనకి తెలుసు. అక్క కాగితం చేత్తో తడుముతోందే గానీ చదవడం లేదు.

"నాకు తలా తోకా తెలియడంలేదు," అన్నాడు స్టోర్స్ ఆఫీసర్.

"తప్పేం లేదు మేడమ్," అన్నాడు బావ. "ఎప్పటిలాగే రాసింది."

"ఎప్పటిలాగే అంటే?"

"అంటే... మామూలుగా రాసేటట్టే."

"మామూలుగా ఎలా రాస్తుందో మీకెలా తెలుసు?"

"ఇంట్లో అప్పుడప్పుడూ..."

"మీరా?" అంది అక్క ఆశ్చర్యంగా. "దాని ఆట పేరెత్తితేనే విసుక్కునేవారు కదండీ?"

బావ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"సార్, మీరు ఈ మెయిల్స్ చదివారు. ఒక్కో ముక్కా చదివారు. ఆమె కాగితం మీద రాసిస్తే మీరే ఆమె ఫోన్లో కొట్టి పంపారు. ఎర్రగ్రహం, ఇంధనం, అన్నీ కథే కదా అనుకున్నారు. కథే. కానీ ఆ కథలో డాక్టర్ తన గురించి రాసిందంతా వదిలెయ్యండి. నియమం తప్పి పక్కవాళ్ళ చేత చేయించినవి మాత్రమే చదవండి." ఇన్‌స్పెక్టర్ ఎర్ర గీతల కాగితం బల్ల మీద పెట్టింది. "నేల కాలుతోంది. ముక్కు మండి కళ్ళు నీళ్ళు కారే ఘాటు. కింద ఆగకుండా తిరిగే యంత్రాలు, అరిచినా వినబడని చప్పుడు. అన్ని మెయిల్స్‌లోనూ ఇవే మూడు. బ్లీచింగ్ నిలవ చేసుకుని, కింద పగలూ రాత్రీ డ్రయర్లు తిరిగే చోటు ఈ ఊళ్ళో ఎక్కడుంది?"

స్టోర్స్ ఆఫీసర్ నోరు తెరిచాడు. "వీళ్ళ లాండ్రీ పై అటక!"

"ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది వీళ్ళే. ఇందాక ఒక మడత విప్పించి చూశాను. ఉతకలేదు. బ్లీచింగ్ చల్లి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి పసిబిడ్డల కింద పరిచారు. చెల్లెలు కనిపెట్టింది అదే. అక్కకి చెప్పలేకపోయింది కూడా అందుకే. ఇంక మెయిల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? బస్‌స్టాండ్, మార్కెట్, రైల్వే స్టేషన్. ఎక్కడ పోస్టర్ అతికిస్తే అక్కణ్ణుంచే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఆధారం ఉందా?" బావ లేచి నిలబడ్డాడు. "మా అటక మీద సామాన్లు తప్ప ఏమీ లేవు. కావాలంటే పదండి, తాళం నా దగ్గరే ఉంది."

"తాళంతో పని లేదు. మీరు అక్కడుండగా తలుపు తడితే ఏం చేస్తారో అన్న భయంతోనే మిమ్మల్ని ఇక్కడికి పిలిచాను. మీరు ఈ కుర్చీలో కూర్చున్నప్పుడే మావాళ్ళు అటక ఎక్కారు."

బావ గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో పొడుగు కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆవిడ చెవికి ఆనించుకుంది.

"ఉందా?... ఊపిరి?... మాట్లాడుతోందా?" ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుంది. "ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

కెప్టెన్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. బావ చేతులకి బేడీలు పడ్డాయి. అతను భార్య వైపు చూడలేదు. "చంపాలని కాదు. సోమవారం దాటితే చాలనుకున్నా," అని నేలకి చెప్పాడు. కానిస్టేబుల్ బయటికి నడిపించాడు.

అక్క ఏడవలేదు. లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే ఆగి, గోడ పట్టుకుంది.

"ఆయనకి రోజూ క్యారియర్ నేనే కడతానండీ. చెల్లి కనబడకుండా పోయిన దగ్గర్నుంచి ఎక్కువ పెట్టమన్నారు. తిరిగి తిరిగి ఆకలేస్తోందన్నారు. నాకు ముద్ద దిగడంలేదు, ఈ మనిషికి ఆకలెలా వేస్తోందా అని లోపల తిట్టుకున్నాను. అయినా కట్టాను."

"మంచిపని చేశారమ్మా. మీరు కట్టిందే మీ చెల్లిని నిలబెట్టింది."

అక్క ఆ మాట విన్నట్టు లేదు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఏదో గుర్తొచ్చి ఇటు తిరిగింది.

"ఇవాళ పొద్దున వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారండీ. రేపట్నుంచి మామూలుగా కట్టు, ఒక్కడికి సరిపడా చాలు అన్నారు."

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.