లిస్బన్ ఫారంలో రెండు అబద్ధాలు

వెస్లీ, మారిట్ మొదటిసారి ఎదురుపడింది జనవరిలో, మారిట్ కారు కనిపించకుండా పోయిన రోజు. వెస్లీ అమెరికాలో మా డులూత్ ఊరి రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. ఆ ఉదయం అతను తోసిన మంచు మొత్తం వెళ్ళి ఆమె కారు మీద పడింది.

“ఇక్కడ నా కారుండాలి,” అంది మారిట్, లారీకి అడ్డంగా నిలబడి.

“ఉంది. లోపలుంది.”

“తవ్వేదెవరు?”

“రోడ్డు శుభ్రం చెయ్యడం వరకే నా డ్యూటీ. కార్లు తవ్వడం కాదు,” అన్నాడు వెస్లీ. అని, కిందికి దిగి ఇరవై నిమిషాలు తవ్వాడు.

ఆ శనివారం మారిట్ మా రన్నింగ్ క్లబ్బులో చేరడానికొచ్చింది. అక్కడ వెస్లీ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

“నువ్వా?” అంది.

“కారు బాగుందా?” అన్నాడు.

నా పేరు బెర్నిస్. మోకాళ్ళు మొరాయించాక పరుగు మానేసి క్లబ్బు పెత్తనం తీసుకున్నాను. ఆ ఏడాది అక్టోబర్లో మా వాళ్ళు ఆరుగురు లిస్బన్‌లో మారథాన్ పరిగెత్తాలనుకున్నారు. విమానం టిక్కెట్లు, హోటల్, పేర్లు పంపడం, అన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయంటే, నేనే వేసుకున్నాను.

వెస్లీ మా క్లబ్బులో అందరికన్నా జోరుగా పరిగెత్తేవాడు. మారిట్ అందరికన్నా వెనక. శనివారాలు అతను తన దూరం పూర్తిచేసి, సరస్సు పక్క దారిలో మళ్ళీ వెనక్కి వెళ్ళి, చివరి రెండు మైళ్ళు ఆమెతో కలిసి వచ్చేవాడు.

“మళ్ళీ ఎందుకొచ్చావు?” అనేది మారిట్.

“పరుగయ్యాక కాళ్ళు సడలించుకోవాలిగా.”

“ఆ చూయింగ్ గమ్ మానెయ్. పళ్ళు పాడవుతాయి.” ఆమె డెంటిస్టు దగ్గర పళ్ళు క్లీన్ చేసే ఉద్యోగం చేస్తుంది.

“నా పళ్ళు నువ్వెప్పుడు చూశావు?”

“నవ్వినప్పుడు.”

దీని అర్థమేమిటో క్లబ్బులో ఆ ఇద్దరికి తప్ప అందరికీ తెలుసు.

మే నెలలో ఫారాలు నింపించాను. అందులో ‘ఎంత టైములో పరిగెత్తగలరు?’ అని ఒక ప్రశ్న. దాన్ని బట్టే గుంపులు చేస్తారు. జోరుగా పోయేవాళ్ళు ఎ గుంపులో ముందు, నిదానంగా పోయేవాళ్ళు ఎఫ్ గుంపులో వెనక. మూడు గంటల లోపు పరిగెత్తాలని వెస్లీకి రెండేళ్ళుగా పట్టుదల. పోయినసారి నాలుగు నిమిషాల తేడాతో తప్పిపోయింది. ఫ్రిజ్ మీద ‘మూడు గంటలు’ అని కాయితం అంటించుకున్నాడు. అలాంటివాడు ఫారంలో నాలుగు గంటల నలభై నిమిషాలని రాశాడు. అది మారిట్ టైము.

“తప్పు రాశావేమో,” అన్నాను.

“సరిగ్గానే రాశాను. మారిట్‌కి చెప్పకండి.”

మర్నాడు మారిట్ ఫారం వచ్చింది. మూడు గంటలు.

“అతనికి చెప్పకండి,” అంది ఆమె కూడా.

నేను ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై దాటినవాళ్ళు, నోళ్ళున్నవాళ్ళు, వాళ్ళే చెప్పుకుంటారనుకున్నాను. చెప్పుకోలేదు. మార్చుకునే గడువు కూడా దాటిపోయింది.

సెప్టెంబర్లో ఒక శనివారం, పరుగయ్యాక వెస్లీ, మారిట్, నేను డైనర్ హోటల్లో టిఫిన్ తింటుంటే, ఎవరిది ఏ గుంపో చెబుతూ లిస్బన్ నుంచి అందరి ఫోన్లకీ మెయిల్ వచ్చింది.

“నాది ఎ,” అంది మారిట్, మొహం వెలిగిపోతూ. “నీదీ అదేగా?”

అప్పటికే తినేసి చూయింగ్ గమ్ నములుతున్న వెస్లీ ఫోను బోర్లా పెట్టాడు. “నాది ఎఫ్.”

“నువ్వు ఎఫ్ ఏంటి?”

“నువ్వు ఎ ఏంటి?”

మారిట్ ఫోర్కు కింద పెట్టేసింది. “నాకు దూరంగా ఉండాలనుకుంటే నోటితో చెప్పొచ్చుగా. అంత వెనక్కి పోవాలా?”

“ముందుకి పారిపోయింది నువ్వు,” అన్నాడు వెస్లీ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె కోటు అందుకుంది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే వీళ్ళు రెండు విమానాల్లో వెళతారని నాకు భయం వేసింది.

“కూర్చో,” అన్నాను. “ఆ టైము ఎందుకు రాశావో చెప్పు. ముందు నువ్వు, తర్వాత అతను.”

మారిట్ కోటు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు గుండీలు చూసింది.

“నీతో పరిగెత్తలేనని తెలుసు,” అంది వెస్లీతో. “మొదలవగానే వెళ్ళిపోతావు. కానీ అంతకుముందు అరగంట ఎవరి గుంపులో వాళ్ళు నిలబడి ఉండాలట. ఆ అరగంట నీ పక్కన నిలబడొచ్చనుకున్నాను.”

వెస్లీ నమలడం ఆపేశాడు.

“నాకు అరగంట చాలదు,” అన్నాడు. “అందుకే నీ టైము రాశాను.”

“మరి ఫ్రిజ్ మీద కాయితం?”

“మే నెలలోనే పీకేశాను.”

నేను మంచినీళ్ళు తాగి, రూల్సులో చదివింది చెప్పాను. “వెనక గుంపువాళ్ళని ముందుకి రానివ్వరు. ముందువాళ్ళు వెనక్కి వెళ్ళొచ్చు.”

“అయితే నేనొస్తాను,” అంది మారిట్. “ప్రతి శనివారం వెనక్కొచ్చేది నువ్వే. ఈసారి నా వంతు.”

వెస్లీ నోట్లోంచి చూయింగ్ గమ్ తీసి, పేపరు న్యాప్కిన్‌లో జాగ్రత్తగా చుట్టాడు.

నేను వాళ్ళని వాళ్ళకొదిలేసి, కిటికీ వైపు తిరిగి ఆమ్లెట్ తిన్నాను.