బాలేశ్వరం సంపెంగ

ఆ రోజు కుళాయి తొందరగా కట్టేశారు. దొరికిన ఒక్క బకెట్టుతో తిరిగొచ్చిన లీలావతి పెరట్లోకి చూసి గతుక్కుమంది. బాలేశ్వరం నుంచి తెచ్చిన సంపెంగ తల వాల్చేసింది. ఈ వేసవిలో చచ్చిన మొక్కల్లో ఇది నాలుగోది.

ఆ మొక్కలన్నీ ఆమె భర్త మురళివి. రైలింజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉద్యోగం. బండి ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి నుంచి ఓ అంటో కొమ్మో తెచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో తండ్రి క్వార్టర్ పెరట్లో నాటేవాడు. ఏది ఎక్కడిది, వచ్చే ఏడు దాని పక్కన ఏం వెయ్యాలి, అన్నీ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. పెళ్లయి రెండేళ్లు నిండకుండానే, మొన్న కార్తీకంలో డ్యూటీలో పోయాడు. అప్పటి నుంచి ఆ మొక్కల్ని లీలావతి కంటికి రెప్పలా చూసుకుంటోంది.

వంగి చూస్తే మట్టి మీద తెల్లటి పొర. వేలితో నాలుకకి రాసుకుంది. ఉప్పగా ఉంది. నిన్ననే కదా అత్త దాలమ్మ, "ఈ పూలమొక్కలు కూడెడతాయేటి? తీసీసి వంగనారు ఏద్దాం" అన్నది! పొమ్మనలేక పొగపెట్టడమంటే ఇదే అనుకుంది. ఒళ్లు మండిపోయింది.

"అత్తా! ఉప్పు పోసి సంపినావా? ఆయన గురుతొక్కటీ మిగలకూడదేటి నీకు? నన్నూ మా ఊరంపీ, పీడా వదిలిపోద్ది!"

దాలమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "నా కొడుకు మొక్కల్ని నేను సంపుతానేటే?" అంది.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి మావ ఎర్రయ్య వచ్చాడు. ఇంజన్ షెడ్డులో బాయిలర్ పని ఆయనది. రెండు చేతుల్లో రెండు నీళ్ల డబ్బాలున్నాయి. కోడలి మాట విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అత్తనేటీ అనకు తల్లీ. పోసింది నేను. నీళ్లు సాలక నువ్వు అగసాట్లు పడతన్నావని, ఇంజన్ల నుంచి దింపీసిన నీళ్లు తెచ్చి, నువ్వు కుళాయికి ఎల్లినప్పుడు పోసీవోణ్ణి. బాయిలర్ పాడవకుండా అందులో సోడా కలుపుతాం. ఇనుముకి మంచి సేసీది మొక్కకి సెడ్డ సేస్తాదని నాకేటి తెలుసు?"

డబ్బాలు దించి అక్కడే కూలబడ్డాడు. "ఆడి మొక్కలు నా సేతుల్తోనే సంపుకున్నానే!"

లీలావతికి గుండె చెరువైంది. అత్త కాళ్ల మీద పడి, "తప్పయిపోనాదత్తా" అంది.

దాలమ్మ ఆమెను లేవదీసి గుండెకి అదుముకుంది. "ఎన్నన్నా పడతాను. ఎల్లిపోతానని మాత్రం అనకే. ఆడూ లేక, నువ్వూ లేక, మేం ఎవుల మొకం సూసి బతకాల?"

మురళి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్లదే. ముగ్గురూ ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదటిసారి.